పానగల్లులో అరగదీసిన ఆరంగుళాల అద్దం

మా కళ్ళద్దాల షాపు నల్గొండ గడియారం సెంటర్‌కు దగ్గర్లో, ఇల్లు పానగల్లులో. ఇరవై ఏళ్ళుగా నేను చేసేది అద్దాల అంచులు ఫ్రేముకు సరిపోయేలా అరగదీయడం. అద్దం ముఖం జోలికి ఎప్పుడూ పోలేదు. అది తయారై వస్తుంది, నేను అంచు తీసి బిగిస్తాను. అలాంటి నేను రెండు చలికాలాలు కూర్చుని ఒక గాజు బిళ్ళను చేత్తో అరగదీసి టెలిస్కోపు అద్దం చేసుకున్నాను. ఎలా చేశానో, ఎక్కడ చెడిందో, మళ్ళీ ఎలా దారికొచ్చిందో ఉన్నదున్నట్టు రాస్తున్నాను. ఈ పని మీద వచ్చిన పుస్తకాలు ఎక్కువగా చలిదేశాల వాళ్ళు రాసుకున్నవి. మన ఎండల్లో చేసేవాళ్ళకు ఎదురయ్యే చిక్కు వేరు.

మొదలు పెట్టించింది 2020 డిసెంబరు 21 సాయంత్రం. ఆ రోజు గురుడు, శని ఆకాశంలో డిగ్రీలో పదో వంతు ఎడంతో పక్కపక్కన కనిపించాయి. షాపులో ఉన్న బైనాక్యులర్ తీసుకుని డాబా ఎక్కాను. శని కొంచెం కోలగా ఉందేమో అనిపించింది గానీ వలయం తెలియలేదు. అమ్మ కూడా చూసి, "చుక్కనే గదరా" అంది. ఆ తర్వాత 1980 సంగతి చెప్పింది. ఆ ఏడాది ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం మన జిల్లా మీదుగానే పోయింది. ఇబ్రహీంపట్నం వైపు జపాల్-రంగాపూర్‌లో ఉస్మానియా యూనివర్సిటీ వాళ్ళ అబ్జర్వేటరీ ఉంది. 48 అంగుళాల టెలిస్కోపు ఉన్న చోటు. గ్రహణం చూడడానికి శాస్త్రవేత్తలు అక్కడికి చేరారు. అమ్మ వాళ్ళింట్లో మాత్రం తలుపులు మూసి, కిటికీ సందుల్లో గుడ్డలు కుక్కారట. "నాలుగు గాకముందే కోళ్ళు గూట్లకు పోయినయని తెల్లారి చెప్పుకున్నరు. నేనైతే ఏం చూడలే" అంది. ఆ మాట నాకు గుచ్చుకుంది.

టెలిస్కోపు కొనుక్కోవచ్చు. కానీ రోజంతా అద్దాల మధ్య బతికేవాణ్ణి, వెలుగును ఒక చోటికి చేర్చే ఆ ఒంపు గాజులోకి ఎలా వస్తుందో నా చేతికి తెలియాలనిపించింది. చదువుకుంటూ, సామాను కూడబెట్టుకుంటూ రెండేళ్ళు గడిచాయి. 2022 నవంబరులో పని మొదలైంది.

పెద్ద షోరూముల తలుపులకు వాడే 19 మిల్లీమీటర్ల మందం గాజులో ఆరంగుళాల బిళ్ళలు రెండు గుండ్రంగా కోయించాను. ఒకటి అద్దం కావలసింది, రెండోది దాని కింద అరిగేది. ఆ రెండోదాన్ని టూల్ అంటారు. పెరట్లో పాత ఆయిల్ డ్రమ్ములో ఇసుక నింపి కదలకుండా చేసి, పైన మందపాటి ప్లైవుడ్ బిగించి, మూడు చెక్క ముక్కల మధ్య టూల్‌ను ఇరికించాను. దాని మీద చెంచాడు 80 నంబరు కార్బొరండం పొడి, కొన్ని నీళ్ళు. పైన అద్దం పెట్టి రెండు చేతులతో ముందుకూ వెనక్కూ తోయడం, నాలుగైదు తోపుల తర్వాత అద్దాన్ని చేతుల్లోనే కొంచెం తిప్పడం, డ్రమ్ము చుట్టూ ఒక అడుగు జరగడం. పొడి గ్రానైట్ పాలిష్ వాళ్ళకు సామాను అమ్మే షాపులో దొరికింది. మా జిల్లాలో రాయికి నునుపు పెట్టే చేతులకు కొదవ లేదు కాబట్టి ఆ సామానుకూ కొదవ లేదు.

బల్లపరుపు బిళ్ళలు రెంటిని ఒకదాని మీద ఒకటి రుద్దితే ఒంపు ఎందుకు వస్తుంది? పై బిళ్ళను ముందుకు తోసినప్పుడు దాని బరువంతా కింది బిళ్ళ అంచు మీద, తన నడిమి భాగం మీద పడుతుంది. అందుకే పైదానికి నడుమ గుంట పడుతుంది, కిందిదానికి అంచులు తరుగుతాయి. తిప్పుతూ, చుట్టూ తిరుగుతూ రుద్దడం వల్ల రెండూ ఏ స్థితిలో పెట్టినా ఒకదానికొకటి అతుక్కుపోయేలా అరుగుతాయి. ఏ వైపు జరిపినా అలా అతికే ఒంపు గోళం ఒక్కటే. అంటే గోళాన్ని మనం చెక్కనక్కర్లేదు, ఓపికగా రుద్దితే అదే వస్తుంది. ఇది కాగితం మీద చదివినప్పుడు నాకు ఎక్కలేదు. మూడో రోజు అద్దాన్ని ఎత్తి తడి తుడిచి స్టీలు స్కేలును అడ్డంగా పెడితే, నడుమ స్కేలు కింద సన్నటి వెలుగు సందు కనిపించింది. అప్పుడు ఎక్కింది.

నాకు కావలసిన ఫోకల్ లెంగ్త్, అంటే అద్దం నుంచి వెలుగు ఒక చోటికి చేరే దూరం, 1200 మిల్లీమీటర్లు. మా షాపు లెక్కలో చెప్పాలంటే 0.83 పవర్. దానికి ఒంపు వ్యాసార్ధం 2400 ఉండాలి. ఆరంగుళాలంటే సుమారు 150 మిల్లీమీటర్లు, ఆ అద్దానికి నడుమ లోతు 1.17 మిల్లీమీటర్లు వస్తే చాలు. స్కేలు కింద 1.2 డ్రిల్ బిట్ దూరి దూరనట్టు ఆగేదాకా రుద్దాను. మొదట్లో గరగరమని పళ్ళు జివ్వుమనే చప్పుడు వస్తుంది. మూడు నాలుగు నిమిషాలకు పొడి నలిగి చప్పుడు మెత్తబడుతుంది. అప్పుడు తుడిచి కొత్త పొడి వేసుకోవాలి. రోజూ పొద్దున షాపు తెరవక ముందు గంటా గంటన్నర. అమ్మ తులసికి నీళ్ళు పోస్తూ, "గానుగ చుట్టూ తిరిగినట్టు ఎన్ని తిరుగుళ్ళు నాయినా" అనేది.

తర్వాత 120, 220, 320, 400, 600 నంబర్ల పొడులు, ఒకదాని కన్నా ఒకటి సన్నం. ఒక్కో పొడి ముందు పొడి చేసిన గుంటల్ని చెరిపేసి తన చిన్న గుంటల్ని మిగులుస్తుంది. పెన్సిలుతో అద్దం మీద గళ్ళు గీసి, రెండు నిమిషాలు రుద్ది చూస్తే గీతలు అంతటా ఒకేలా చెరిగిపోవాలి. ఎక్కడైనా మిగిలితే అక్కడ ఇంకా తగలడం లేదని అర్థం. షాపులో వాడే భూతద్దం ఇక్కడ బాగా పనికొచ్చింది.

400 నడుస్తుండగా ఒక పొద్దున చెయ్యి కింద టక్కుమని చప్పుడైంది. ఎత్తి చూస్తే అద్దం మీద వేలెడంత గీత. ముందు వాడిన ముతక పొడి గింజ ఒకటి ప్లైవుడ్ పగుల్లో దాక్కుని, నీళ్ళు పోసినప్పుడు బయటికి వచ్చింది. గోరు పెడితే గోరుకు తగిలింది. మళ్ళీ 220కి పోయి వారం రోజుల పని తిరిగి చేశాను. ఆ తర్వాత పొడి మార్చిన ప్రతిసారీ ప్లైవుడ్ మీద కొత్త ప్లాస్టిక్ కవరు, కొత్త బకెట్టు, కొత్త స్పాంజి, వేసుకున్న చొక్కా కూడా మార్చేవాణ్ణి. చొక్కా సంగతి అతిగా అనిపించవచ్చు, గింజలు మోసుకొచ్చేది మోచేతి మడతలే.

600 అయ్యాక అద్దం తడి గుడ్డతో తుడిచిన బూడిదరంగు పలకలా ఉంటుంది. ఏటవాలుగా చూస్తే బల్బు ప్రతిబింబం కనిపిస్తుంది, నేరుగా చూస్తే కనిపించదు. ఇక్కడి నుంచి పొడి పనికిరాదు. పాలిష్ మొదలు.

పాలిష్‌కు టూల్ మీద తారు లాంటి మెత్తటి పొర పోసుకోవాలి. దీన్ని పిచ్ అంటారు. చూడడానికి గట్టిగా ఉంటుంది, సుత్తితో కొడితే గాజులా పగులుతుంది. కానీ గంటలు వదిలేస్తే తేనెలా మెల్లగా పారుతుంది. ఆ గుణం వల్లే అది అద్దం ఒంపును అచ్చు గుద్దినట్టు పట్టుకుంటుంది. నేను రోజిన్ కరిగించి చేసుకున్నాను, సోల్డరింగ్ వాళ్ళు వాడే రోజినే. అందులో కొంచెం తేనెమైనం, మెత్తబడడానికి కొన్ని చుక్కల ఆముదం. ఆముదం మన మహబూబ్‌నగర్, నల్గొండ చేలల్లో పండేదే కదా, ఇంట్లోనే ఉంది. కరిగించడం మాత్రం మా వీధి చివర ఉండే అవుసలి కాక దగ్గర నేర్చుకున్నాను. నగల పనిలో లక్క కరిగించిన చెయ్యి ఆయనది. "మంట సన్నగ పెట్టు బిడ్డా, పొగ లేసిందంటే అది మాడినట్టే. ఇంట్ల వద్దు, బయట చెయ్యి" అన్నాడు. చల్లారిన చుక్కను బొటనవేలి గోటితో నొక్కి, గోటి అచ్చు ఎంతసేపటికి పడుతుందో చూసి, "ఇంకొక చుక్క ఆముదం" అని చెప్పాడు. జనవరి చలిలో ఆ చుక్క సరిగ్గా సరిపోయింది. ఏప్రిల్‌లో అదే నా కొంప ముంచింది.

పిచ్ గోరువెచ్చగా ఉండగానే తడి అద్దాన్ని అద్ది, తడి బ్లేడుతో గళ్ళుగా గాళ్ళు కోయాలి. నడిమి గడి సరిగ్గా అద్దం కేంద్రం కింద పడకుండా కొంచెం పక్కకు జరిపి కోయాలి, లేకపోతే అద్దం మీద వలయాలు ఏర్పడతాయి. పాలిష్ పొడి సీరియం ఆక్సైడ్, లేత ఇటుక రంగులో ఉంటుంది. లెన్సులు తయారుచేసే ల్యాబ్ నుంచి తెచ్చుకున్నాను. మొదటి అరగంటకే బూడిద పలక నడుమ తళుక్కుమంది. పిచ్ అద్దాన్ని చప్పరించినట్టు పట్టి లాగుతుంది, చేతులకు ఆ పట్టు తెలుస్తుంది. పట్టు అంతటా ఒకేలా ఉంటే పని బాగున్నట్టు. కుదుపులుగా ఉంటే పిచ్ అద్దానికి సరిగ్గా తగలడం లేదన్నట్టు. అప్పుడు అద్దాన్ని పిచ్ మీద పెట్టి, పైన బరువు పెట్టి, ఇరవై నిమిషాలు వదిలేయాలి.

ఆదివారాలు మాత్రమే కుదరడంతో పాలిష్ మార్చి దాకా సాగింది. ఏప్రిల్‌కి గుంటలన్నీ పోయాయి, భూతద్దంలో ఏమీ కనబడలేదు. అద్దం నీళ్ళలా ఉంది. సంతోషంగా పరీక్షకు కూర్చున్నాను.

పరీక్ష పేరు ఫూకో పరీక్ష. పారిస్‌లో లోలకం వేలాడదీసి భూమి తిరుగుతోందని చూపించిన ఫూకోయే 1858లో దీన్ని కనిపెట్టాడు. దీనికి కావలసింది ఒక సన్నటి వెలుగు, ఒక గడ్డం బ్లేడు. హాల్లో ఒక గోడ దగ్గర అద్దం నిలబెట్టి, 2400 మిల్లీమీటర్ల దూరంలో, అంటే ఒంపు కేంద్రం దగ్గర, ఎల్‌ఈడీ పెట్టాను. దాని ముందు అల్యూమినియం రేకుతో సన్నటి చీలిక. అద్దం మీద తగిలి తిరిగొచ్చిన వెలుగు చీలిక పక్కనే ఒక చోటికి చేరుతుంది. అక్కడ కన్ను పెడితే అద్దమంతా నిండు చంద్రుడిలా వెలుగుతుంది. అప్పుడు బ్లేడును మెల్లగా ఆ వెలుగుకు అడ్డం తేవాలి. అద్దం సరైన గోళం అయితే అంతటా ఒకేసారి బూడిదరంగు కమ్ముతుంది. ఎక్కడైనా ఎత్తు పల్లాలుంటే అక్కడ వెలుగు నీడలు విడిపోయి, పక్క నుంచి టార్చి వేసిన మట్టిగోడలా కనిపిస్తాయి. మిల్లీమీటరులో పదివేలో వంతు తేడా కూడా కంటికి కొండంత కనిపిస్తుంది.

మా పానగల్లు ఛాయా సోమేశ్వరాలయంలో గర్భగుడి లింగం మీద రోజంతా నీడ పడుతూనే ఉంటుంది, పొద్దు ఎటు తిరిగినా. బయటి స్తంభాలు వెలుగును పంచే తీరు వల్ల అలా జరుగుతుందని చెబుతారు. చిన్నప్పటి నుంచి ఆ నీడ చూస్తూ పెరిగాను. వెలుగు ఏ దారిన వచ్చిందో నీడ చెబుతుందని మాత్రం బ్లేడు ముందు కూర్చున్నాకే నాకు తెలిసింది.

ఆ ఏప్రిల్ రాత్రి నీడ చెప్పింది ఇది: నడిమంతా బాగుంది, అంచు కిందికి వాలిపోయింది. అద్దం చుట్టూ వెంట్రుకంత వెలుగు గీత రెండు పక్కలా సమానంగా కనిపించాలి. నాకు ఒక పక్కే ఉంది, రెండో పక్క చెరిగిపోయింది. ఆ సంగతి తెలిశాక పిచ్‌ను చూస్తే గాళ్ళన్నీ సగం మూసుకుపోయాయి. జనవరికి సరిపోయిన మెత్తదనం, పొద్దున ఏడింటికే ఉక్కపోసే నెలలో పనికిరాదు. మెత్తబడిన పిచ్ అద్దం అంచు కింద ఉబ్బి, ఆ అంచునే ఎక్కువగా తినేసింది. కొన్ని వారాలుగా ప్రతి తోపుతోనూ అంచును నా చేత్తో నేనే చెడగొడుతూ వచ్చాను. ఆ రాత్రి అన్నం సహించలేదు.

ఏసీ గదిలో చేయవచ్చు కదా అని ఒకరిద్దరు అన్నారు. మా ఇంట్లో ఏసీ లేదు. ఉన్నా, చల్లటి గదికీ వేడి చేతులకూ మధ్య గాజు ఊగిసలాడుతూనే ఉంటుంది. ఆ ఎండల్లోనే ఇంకో సంగతి కూడా చూశాను. బ్లేడు పరీక్ష పెట్టి, అద్దం ముందు ఊరికే చెయ్యి చాపాను. అరచేతి నుంచి వేడి గాలి సాంబ్రాణి పొగలా సుడులు తిరుగుతూ పైకి లేవడం కనిపించింది. తర్వాత బొటనవేలిని అద్దం మీద అర నిమిషం ఆనించి తీశాను. వేలు తగిలిన చోట కురుపులా ఒక బుడిపె లేచింది. చాలా నిమిషాలకు గానీ అది అణగలేదు. ఆ వేడికి గాజే ఉబ్బింది. అంటే పాలిష్ చేసిన వెంటనే పరీక్ష చేస్తే చూసేది నా చేతుల వేడినే, అద్దాన్ని కాదు. అంతకుముందు నెలల్లో రాసుకున్న కొలతలన్నీ కొట్టేశాను.

అద్దాన్ని గుడ్డలో చుట్టి బీరువాలో పెట్టాను. మేలో ఎండ 45 డిగ్రీలకు చేరినప్పుడు పిచ్ టూల్ అంచు దాటి కారింది. ఆరు నెలలు ఈ పని ముట్టుకోలేదు. అమ్మ అప్పుడప్పుడు, "అద్దం ఏమాయె?" అని అడిగేది. "చల్లబడాలె అమ్మా" అనేవాణ్ణి.

2023 నవంబరులో ఆముదం వేయకుండా గట్టి పిచ్ కొత్తగా పోశాను. తెల్లవారుజామున నాలుగున్నరకు లేచి, ఆరింటికల్లా ఆపేసేవాణ్ణి. తోపులు చిన్నవి, అద్దం వ్యాసంలో నాలుగో వంతు. పావుగంట పని, గంటన్నర విరామం, తర్వాత పరీక్ష. ఆ విరామంలో అద్దాన్ని తాకకూడదు, దాని పక్కన కూర్చోకూడదు కూడా. మొత్తం నాలుగు గంటల పాలిష్‌కు మూడు వారాలు పట్టింది. అంచు లోపలి నుంచి బయటికి మెల్లగా లేచింది. ఒక తెల్లవారుజామున బ్లేడు అడ్డం తెస్తే అద్దమంతా ఒక్కసారి బూడిదరంగు కమ్మింది, రెండు పక్కలా వెంట్రుక గీత వెలిగింది. అంత నిండైన బూడిదరంగును నేను అంతకుముందు చూడలేదు.

గోళం వచ్చాక దాన్ని పరావలయం (పారాబొలా) చేయాలి. గోళం దూరపు చుక్క వెలుగును సరిగ్గా ఒక బిందువుకు చేర్చదు. నా అద్దంలో ఆ రెండు ఆకారాలకూ మధ్య తేడా అంచు దగ్గర మిల్లీమీటరులో మూడున్నర వేలో వంతు మాత్రమే, తల వెంట్రుకను రెండు వందల పొరలుగా చీలిస్తే ఒక పొర మందం. మా వృత్తిలో కళ్ళద్దం పవర్ 0.12 అటూ ఇటూ అయినా చెల్లుతుంది, ఇక్కడ అలా కుదరదు. అద్దాన్ని పక్కకు ఎక్కువ జరుపుతూ డబ్ల్యూ ఆకారంలో తోయాలి. అప్పుడు నడిమి భాగం కొంచెం ఎక్కువ అరుగుతుంది. ఇది నిమిషాల పని. మొత్తం పన్నెండు నిమిషాలు చేశానేమో, దాన్ని ఆరు రోజులకు పంచాను.

ఇక్కడ నన్ను కట్టిపడేసిన లెక్క ఒకటి చెప్పాలి. పరీక్షలో పెట్టే దగ్గరి దీపానికైతే పరావలయంలో నడిమి భాగానికీ అంచుకీ వెలుగు చేరే చోట్లు వేరు. బ్లేడు, దీపం కలిసి జరిగే నాలాంటి ఏర్పాటులో ఆ రెండు చోట్ల మధ్య దూరం ఎంతో తెలుసా? 1.17 మిల్లీమీటర్లు. మొదట్లో డ్రిల్ బిట్ పెట్టి కొలిచిన గుంట లోతు అదే. రెంటికీ సూత్రం ఒకటే, అద్దం వ్యాసార్ధం వర్గాన్ని ఒంపు వ్యాసార్ధానికి రెట్టింపుతో భాగించడం. పొడి, బురద, చప్పుడుతో తవ్విన గుంట లెక్కే చివర నీడలో తిరిగి వచ్చింది. కాగితం మీద రెండుసార్లు చేసి చూసుకున్నాను.

బ్లేడు బల్లను జరపడానికి ఎం6 బోల్టు పెట్టాను. ఒక చుట్టు తిప్పితే సరిగ్గా ఒక మిల్లీమీటరు జరుగుతుంది. ఇప్పుడు బ్లేడు ముందు అద్దం బల్లపరుపుగా కనిపించదు, నడుమ గుంట, చుట్టూ ఉబ్బుతో గారెలా కనిపిస్తుంది. గారె నున్నగా, ఎక్కడా మెట్లు లేకుండా ఉండాలి. నా కొలత 1.05 దగ్గరికి వచ్చింది. ఇంకో రెండు నిమిషాలు చేయాలని చేతులు లాగాయి. ఆపేశాను. కొంచెం తక్కువైతే చూపు చెడదు, దాటిపోతే మళ్ళీ గోళానికి పోవాలి.

పూత వేయించక ముందే ఆ గాజును పైపులో పెట్టి చంద్రుణ్ణి చూశాను. పూత లేని గాజు వెలుగులో నాలుగు శాతమే వెనక్కి పంపుతుంది, చంద్రుడికి అది చాలు. గుంటల అంచులు కత్తితో కోసినట్టు ఉన్నాయి. పైపు అంటే బోర్ల వాళ్ళు వేసే ఎనిమిదంగుళాల పీవీసీ కేసింగ్ పైపు. మా ప్రాంతంలో బోరు వేయని చేను లేదు, మిగిలిన ముక్క ఒకటి తెలిసినవాళ్ళు ఉత్తగానే ఇచ్చారు. ఏటవాలుగా పెట్టే చిన్న అద్దం, కంటి దగ్గరి లెన్సులు కొన్నాను. కింది పెట్టె వడ్రంగితో చేయించాను.

2024 జనవరిలో అద్దాన్ని టిఫిన్ డబ్బాలో దూది మధ్య పెట్టి, ఒళ్ళో పెట్టుకుని బస్సులో హైదరాబాద్ తీసుకుపోయాను. వాక్యూమ్‌లో అల్యూమినియం పూత వేసే ఒక వర్క్‌షాపులో ఇచ్చాను. పూత మందం మిల్లీమీటరులో పదివేలో వంతు. తిరిగొచ్చాక ఒక్కసారి కడగాల్సి వస్తే బోరు నీళ్ళు వాడలేదు. ఫ్లోరైడుకు పేరుపడ్డ జిల్లా మాది, ఆ నీళ్ళు ఆరితే గాజు మీద తెల్ల మరకలు మిగులుతాయి. బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్‌తో కడిగాను.

ఫిబ్రవరిలో గురుడి నాలుగు చందమామలు, మృగశిర కింది నెబ్యులా (వాయు మేఘం) చూశాం. శని అప్పుడు సూర్యుడి వెనక్కి పోయాడు. తర్వాత ఎండలు, ఆపైన వానలు. అక్టోబరులో ఒక రాత్రి మా ఊరి ఉదయ సముద్రం చెరువు మీద మబ్బు విడిపోయింది. టెలిస్కోపు డాబా మీదికి ఎక్కించి, 120 రెట్ల లెన్సు పెట్టి శని మీద నిలిపాను. అంతా ఉడుకుతున్న నీళ్ళలో ముద్దలా ఉంది. అమ్మ మెట్లెక్కి వచ్చి, కన్ను పెట్టి, తీసి, పైపు మీద చెయ్యి వేసి చూసింది.

"అద్దం ఇంకా చల్లబడలేదు నాయినా, ఆగు" అంది.

ఆగాం. నలభై నిమిషాలకు ముద్ద కుదుటపడి గుండ్రమైంది. ఆ ఏడాది శని వలయాలు మన వైపు నాలుగైదు డిగ్రీలే వంగి ఉన్నాయి. పూసలో దూర్చిన సూదిలా, రెండు పక్కలా సన్నటి గీత. అమ్మ చాలాసేపు కన్ను తీయలేదు. తీశాక, పక్కింటి పిల్లల్ని పిలవమంది.